ఈఎంఎస్ షేర్లు: కుట్టుకూలి ఎంత, గుడ్డ ఎవరిది?

దర్జీకి గుడ్డ మనమే ఇస్తే బిల్లులో కుట్టుకూలి ఒక్కటే ఉంటుంది. గుడ్డ కూడా ఆయన్నే తెమ్మంటే బిల్లు నాలుగింతలవుతుంది. అయినా ఆయనకు మిగిలేది ఆ కుట్టుకూలే, మహా అయితే గుడ్డ మీద ఇంకాస్త. వేరేవాళ్ల బ్రాండ్ కోసం ఫోన్లు, టీవీలు, మీటర్లు, విమానాల బోర్డులు తయారుచేసి పెట్టే ఈఎంఎస్ (ఎలక్ట్రానిక్స్ తయారీ సేవల) కంపెనీల లెక్కలు చదివేటప్పుడు ఈ తేడా మరిచిపోతే మిగతావన్నీ తప్పే చదువుతాం.

ఇక్కడ చూస్తున్నవి ముఖ్యంగా ఐదు షేర్లు: డిక్సన్, కేన్స్, సిర్మా ఎస్‌జీఎస్, సయెంట్ డీఎల్ఎమ్, అవలాన్. వేరే సంవత్సరం పేరు చెప్పని చోట అంకెలు 2024-25 ఆర్థిక సంవత్సరానివి.

ముందు మార్జిన్ భ్రమ సంగతి. ఒక ఫోన్ తీసుకోండి. విడిభాగాలు 9,600 రూపాయలు, బిగించి పరీక్షించి పెట్టెలో పెట్టినందుకు 400. ఆ 400లో ఖర్చులు పోగా 150 మిగిలిందనుకుందాం. భాగాలు కంపెనీయే కొని బిల్లులో కలిపితే అమ్మకం 10,000, మార్జిన్ 1.5%. అవే భాగాలు బ్రాండ్ వాళ్లు పంపించి జాబ్ వర్క్ చేయిస్తే అమ్మకం 400, మార్జిన్ 37.5%. ఫ్యాక్టరీ అదే, లైను అదే, మిగిలిన 150 రూపాయలూ అవే. అందుకే "ఫలానా కంపెనీ మార్జిన్ 15%, డిక్సన్‌ది 4% కూడా లేదు, కాబట్టి ఫలానాదే మేలు" అనే వాదన వినగానే పక్కన పెట్టేయండి. అమ్మకాలు రెట్టింపయ్యాయన్న హెడ్‌లైన్‌కీ అదే మర్యాద. జాబ్ వర్క్ నుంచి భాగాలతో సహా బిల్లు వేసే పద్ధతికి మారితే ఒక్క ఫోన్ అదనంగా చేయకుండానే అమ్మకాలు ఎన్నో రెట్లు పెరుగుతాయి.

మార్జిన్ బదులు చూడాల్సింది పెట్టిన పెట్టుబడి మీద రాబడి. రెండు ఊహా కంపెనీలతో చూద్దాం, రెండింటి అమ్మకాలూ 1,000 కోట్లే. మొదటిది ఫోన్లు చేస్తుంది. తరుగుదల పోగా లాభం 30 కోట్లు. యంత్రాలు, షెడ్లు కలిపి 80 కోట్లు. వర్కింగ్ క్యాపిటల్ (సరఫరాదారులకు కట్టాల్సింది పోగా సరుకులో, బాకీల్లో ఇరుక్కునే డబ్బు) దాదాపు సున్నా, ఎందుకంటే బ్రాండ్ దగ్గర డబ్బు వచ్చాకే సరఫరాదారుకి కడుతుంది. రాబడి 37.5%. రెండోది పారిశ్రామిక, రక్షణ రంగాల బోర్డులు చేస్తుంది. లాభం 110 కోట్లు, అంటే మొదటిదానికి మూడింతల పైనే. కానీ యంత్రాల్లో 250 కోట్లు, సరుకులోనూ రావాల్సిన బాకీల్లోనూ కలిపి వంద రోజుల అమ్మకాలకు సమానమైన 274 కోట్లు ఇరుక్కున్నాయి. రాబడి 21%. చెడ్డదేమీ కాదు, మార్జిన్ చూసి ఊహించుకున్న స్థాయిలో లేదంతే.

డిక్సన్ మొదటి రకానికి, కేన్స్ రెండో రకానికి దగ్గర. డిక్సన్ అమ్మకాలు సుమారు 38,860 కోట్లు, నిర్వహణ మార్జిన్ (తరుగుదల, వడ్డీ, పన్ను తీయక ముందు) 4% లోపు. కేన్స్ అమ్మకాలు 2,722 కోట్లు, మార్జిన్ 15%.

వంద రోజుల వర్కింగ్ క్యాపిటల్ ఎక్కడ పుడుతుందో తెలియాలంటే స్టోర్ రూమ్‌లోకి వెళ్లాలి. ఒక పారిశ్రామిక బోర్డు మీద రెండు మూడు వందల రకాల భాగాలుంటాయి. అందులో 299 వచ్చి ఒక్క కనెక్టర్ రాకపోతే కిట్ పూర్తి కాదు, లైను ఎక్కించలేరు. ఐదు రూపాయల కనెక్టర్ కోసం ఎనిమిది వేల రూపాయల భాగాలు అరల్లో కూర్చుంటాయి. 2021, 2022ల్లో చిప్పుల కొరత వచ్చినప్పుడు ప్రపంచమంతా జరిగింది ఇదే. అమ్మకాలు ఆగాయి, నిల్వలు మాత్రం కొండలా పెరిగాయి.

ఇంకోటి, కెపాసిటర్లు విడిగా దొరకవు, రీళ్లలో వస్తాయి. రీలుకి నాలుగు వేలు, సైజు చిన్నదైతే పది వేలు. ఆర్డరుకి ఐదు వందలే కావాలన్నా రీలు మొత్తం కొనాల్సిందే. మిగిలినవి ఇంకో కస్టమర్ డిజైన్‌లో పనికొస్తే సరే, లేకపోతే అక్కడే పడుంటాయి. తేమ తగలకూడని చిప్పులదైతే మరో తలనొప్పి. తేమ కొలమానంలో మూడో స్థాయి చిప్పు సీల్డ్ కవరు చింపాక 168 గంటల్లో సోల్డరింగ్ ఓవెన్‌లోకి వెళ్లాలి. దాటితే మళ్లీ వేడిచేసి ఆరబెట్టాలి. అలా చేయకుండా ఎక్కించేస్తే లోపలి తేమ ఆవిరై చిప్పును పగలగొడుతుంది. ఒక్కోసారి ఆ పగులు పైకి కనపడదు, బోర్డు కస్టమర్ దగ్గరికి వెళ్లాక బయటపడుతుంది. బ్యాలెన్స్ షీట్‌లో "ముడిసరుకు" అని ఒక్క వరసలో కనిపించేదాని లోపల ఇవన్నీ ఉంటాయి.

కాబట్టి కాన్‌కాల్‌లో (ఫలితాల మీద ఇన్వెస్టర్లతో యాజమాన్యం జరిపే ఫోన్ సమావేశంలో) అడగదగ్గ ప్రశ్న మార్జిన్ గురించి కాదు. కస్టమర్ అంచనా ఇచ్చి, తర్వాత తగ్గించుకుంటే మిగిలిపోయిన సరుకు ఎవరి నెత్తిన పడుతుంది? ఒప్పందంలో కస్టమరే కొనుక్కోవాలని ఉందా? ఎన్ని రోజుల్లో? ఈ ప్రశ్నకు యాజమాన్యం తడుముకోకుండా జవాబిస్తే సగం పరీక్ష నెగ్గినట్టే.

దీనికి చరిత్రలో పెద్ద ఉదాహరణ అమెరికాలోని సొలెక్ట్రాన్. నాణ్యతకిచ్చే మాల్కమ్ బాల్డ్రిజ్ అవార్డు 1991లో ఒకసారి, 1997లో మరోసారి గెలుచుకున్న కంపెనీ, పని చేతగాని వాళ్లేం కాదు. 2000లో షేరు 40 డాలర్లు దాటింది. టెలికాం కంపెనీలు అంచనాలు తెగ్గోసుకునేసరికి 2001లో వందల కోట్ల డాలర్ల భాగాలు దాని గోదాముల్లో ఉండిపోయాయి. చివరికి 2007లో ఫ్లెక్స్‌ట్రానిక్స్ సుమారు 360 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. నగదు కావాలన్న వాటాదారుకి ఇవ్వజూపింది షేరుకి 3.89 డాలర్లు.

వార్షిక నివేదికలో ఎక్కడ చూడాలి

మొదటి వంద పేజీల ఫొటోలు, ఛైర్మన్ సందేశం దాటేసి ఆర్థిక నివేదికల నోట్స్‌కి వెళ్లండి.

సెగ్మెంట్ రిపోర్టింగ్ నోట్‌లో, అమ్మకాల్లో 10% దాటిన ఒక్కో కస్టమర్ నుంచి ఎంత వచ్చిందో చెప్పి తీరాలని అకౌంటింగ్ ప్రమాణం ఇండ్ ఏఎస్ 108 నియమం. పేర్లు చెప్పక్కర్లేదు, అంకె చెబితే చాలు. ఒకే కస్టమర్ 30% దాటితే ఆ షేరు కొన్నట్టు కాదు, ఆ కస్టమర్ మనసు మీద పందెం కాసినట్టు. చిత్తూరు, నెల్లూరు వైపు వాళ్లకి బాగా తెలిసిన ఉదాహరణే ఉంది. శ్రీసిటీలో షావోమీ ఫోన్లు చేసిన ఫాక్స్‌కాన్ అనుబంధ సంస్థ భారత్ ఎఫ్ఐహెచ్, 2021 డిసెంబర్‌లో 5,000 కోట్ల ఐపీఓ కోసం సెబీకి పత్రాలు సమర్పించింది. దాని అమ్మకాల్లో సింహభాగం షావోమీదే. తర్వాత షావోమీ మార్కెట్ వాటా తగ్గింది, 2023లో డిక్సన్‌కీ ఆర్డర్లు వెళ్లాయి. ఆ ఐపీఓ రాలేదు.

తర్వాత రావాల్సిన బాకీల వయసు పట్టిక. ఆరు నెలలు దాటినవి ఏటేటా పెరుగుతుంటే ఆగండి. దాని పక్కనే "ఇతర చరాస్తులు" (అదర్ కరెంట్ అసెట్స్) కింద ప్రభుత్వం నుంచి రావాల్సిన ప్రోత్సాహకాలు ఉంటాయి. లాభంలో కలిపేసినవే, చేతికి ఇంకా రానివి. మొబైళ్ల పీఎల్ఐ (ఉత్పత్తిని బట్టి ప్రోత్సాహకం ఇచ్చే) పథకం 2020 ఏప్రిల్‌లో నోటిఫై అయింది. అదనపు అమ్మకాల మీద 4 నుంచి 6% ఇచ్చే ఈ పథకం గడువు 2025-26తో సరి. 4% లోపు మార్జిన్‌తో నడిచే వ్యాపారంలో 4% ప్రోత్సాహకం అంటే ఎంత బరువో చెప్పక్కర్లేదు. అందులో కొంత బ్రాండ్‌కి ధర తగ్గింపుగా వెళ్తుంది, కొంత కంపెనీకి మిగులుతుంది. ఆ మిగిలేది తీసేస్తే లాభం ఎంతో లెక్కేశాకే పీఈ (ఒక్కో షేరు లాభానికి ధర ఎన్ని రెట్లో చెప్పే అంకె) చూడండి.

అప్పుల వైపు, సరఫరాదారులకు చెల్లించాల్సిన వాటిలో "యాక్సెప్టెన్సులు" అనే వరస కోసం వెతకండి. బ్యాంకు ముందు కట్టేసి మనం తర్వాత తీర్చే బాకీ అది. పేరుకి వాణిజ్య బాకీ, గుణంలో అప్పే. దాన్ని కలపకుండా "మాకు అప్పు లేదు" అనే కంపెనీలున్నాయి. అలాగే బిల్ డిస్కౌంటింగ్ చేసి బాకీలను బ్యాంకుకి అమ్మేస్తే వసూలు రోజులు తగ్గినట్టు కనిపిస్తాయి. ఫైనాన్స్ ఖర్చు మాత్రం పెరుగుతుంది. రోజులు తగ్గి వడ్డీ పెరిగితే ఇదే జరిగిందని అనుమానించండి.

నగదు ప్రవాహం ఒక్క ఏడాదిది కాదు, ఐదేళ్లది కూడండి. నిర్వహణ నగదు మొత్తం, నికర లాభం మొత్తంలో ఎంత? 70% దాటితే బాగున్నట్టు. సగం కూడా లేకపోతే, లాభం పెరిగే కొద్దీ వాటాదారుల దగ్గరికి మళ్లీ మళ్లీ డబ్బు కోసం వస్తుంది. పైన చెప్పిన రెండో కంపెనీ అమ్మకాలు 40% పెరిగి 1,400 కోట్లయితే, అదే వంద రోజుల లెక్కన ఇంకో 110 కోట్లు సరుకులో పెట్టాలి. పన్ను పోగా లాభం 70 కోట్లే అయితే ఆ 40 కోట్లు ఎక్కడివి? కొత్త ఫ్యాక్టరీ ఖర్చు ఇంకా లెక్కలోకే రాలేదు. కేన్స్ 2023 డిసెంబర్‌లో 1,400 కోట్లు, 2025 జూన్‌లో 1,600 కోట్లు క్యూఐపీ (పెద్ద సంస్థలకు కొత్త షేర్లు అమ్మడం) ద్వారా తెచ్చుకుంది. సనంద్‌లో సుమారు 3,300 కోట్లతో చిప్ ప్యాకేజింగ్ ప్లాంటుకి కూడా పూనుకుంది కాబట్టి అంత డబ్బు అవసరమే. కానీ ఈపీఎస్ (ఒక్కో షేరుకి వచ్చే లాభం) లెక్కలో షేర్ల సంఖ్య పెరిగిన సంగతి మరవకూడదు.

డిక్సన్ విషయంలో ఇది తలకిందులుగా పనిచేస్తుంది. వర్కింగ్ క్యాపిటల్ నెగటివ్ కాబట్టి పెరిగినన్నాళ్లు సరఫరాదారుల డబ్బే ఇంధనం. పెరుగుదల ఆగిన త్రైమాసికంలో మాత్రం పాత బాకీలు తీర్చడానికి నగదు బయటికి పోతుంది. అప్పుడు కంగారుపడి కంపెనీ పాడైందనుకోనక్కర్లేదు. అంతకుముందు వచ్చిన నగదంతా సొంత సంపాదనే అనుకోవడం కూడా పొరపాటే.

ఐదింటి మీద తీర్పు

డిక్సన్: పని చేసే తీరుకి పేరు పెట్టలేం. చూడాల్సినవి రెండు. ఒకటి, జాయింట్ వెంచర్లు. 51% వాటా ఉన్నా అమ్మకాలు మాత్రం నూటికి నూరు కలుస్తాయి. అందుకని లాభనష్టాల పట్టిక చివర "మాతృసంస్థ వాటాదారులకు చెందిన లాభం" అనే వరసే మీది. రెండు, ఒకసారి వచ్చే లాభాలు. కడప జిల్లా కొప్పర్తిలో సీసీ కెమెరాలు చేసే సంయుక్త సంస్థలో తన వాటాను ఆదిత్య ఇన్ఫోటెక్ షేర్లకు మార్చుకున్నందుకు 2024 సెప్టెంబర్ త్రైమాసికంలో దాదాపు 210 కోట్లు అసాధారణ లాభంగా చూపింది. అది ఫోన్లు చేసి సంపాదించింది కాదు కాబట్టి పీఈ లెక్కలోంచి తీసేయాలి. చైనా భాగస్వామితో కొత్త సంస్థ ప్రకటించగానే షేరు ఎగురుతుంది, అయితే 2020 నాటి ప్రెస్ నోట్ 3 (సరిహద్దు దేశాల పెట్టుబడులకు కేంద్రం పెట్టిన నియమం) కింద అనుమతి రావాలి. ప్రకటన తేదీని ఉత్పత్తి తేదీగా లెక్కేసుకోకండి.

కేన్స్: ఐదింటిలో ఆశయం దీనిదే పెద్దది, నగదు పరీక్షలో వెనకబడిందీ ఇదే. కొనుగోళ్లు ఎక్కువ చేసిన గ్రూపు కాబట్టి సంబంధిత పక్షాల లావాదేవీల నోట్‌ను అనుబంధ సంస్థల లెక్కలతో సరిపోల్చి చదవాలి. ఎందుకంటే 2025 డిసెంబర్‌లో బ్రోకరేజి సంస్థ కోటక్ ఇన్‌స్టిట్యూషనల్ ఈక్విటీస్ ఆ అంకెలు ఒకదానితో ఒకటి కలవడం లేదని ఎత్తిచూపింది. కంపెనీ వివరణ ఇచ్చింది గానీ షేరు ఒక్కరోజులో 10% పైగా పడింది. ఆ నోట్లు ఎవరైనా చదవగలిగేవే, అప్పటికి నెలల ముందు నుంచీ వెబ్‌సైట్‌లో ఉన్నాయి.

సిర్మా: 2022-23లో 2,048 కోట్లున్న అమ్మకాలు మరుసటి ఏడాది 3,154 కోట్లయ్యాయి, 54% పెరుగుదల. లాభం రెండేళ్లూ 120 కోట్ల దరిదాపుల్లోనే నిలబడింది. తక్కువ మార్జిన్ కన్స్యూమర్ వస్తువుల వాటా పెరగడమే కారణం. తర్వాతి ఏడాది ఆ వాటా తగ్గించుకుని లాభం పెంచుకుంది. ప్రతి త్రైమాసికం ప్రజెంటేషన్‌లో రంగాలవారీ వాటా ఇస్తారు, కన్స్యూమర్ వాటా ఎటు కదిలిందో ముందు చూడండి. మిగతా స్లైడ్లు ఆ తర్వాత.

సయెంట్ డీఎల్ఎమ్: హైదరాబాద్ కంపెనీ కాబట్టి మనవాళ్లలో అభిమానం ఎక్కువ. ఏరోస్పేస్, రక్షణ బోర్డులకి అర్హత సంపాదించడానికి ఏళ్లు పడుతుంది, సంపాదించాక కస్టమర్ తేలిగ్గా వదలడు. ఇది నిజమైన బలం. బలహీనత ఏమిటంటే ప్రభుత్వ రక్షణ సంస్థ బీఈఎల్ ఆర్డర్ లాంటి పెద్ద ముద్ద ఒకటి మింగేశాక ఖాళీ వస్తుంది. 2023లో 265 రూపాయలకి ఐపీఓకి వచ్చిన షేరు 2024లో 800 దాటి, ఏడాది తిరిగేలోపు సగం దాకా పడింది. ఇలాంటి కంపెనీకి ఆర్డర్ బుక్ మొత్తం కన్నా, ఆ త్రైమాసికంలో కొత్తగా వచ్చిన ఆర్డర్లను అదే త్రైమాసికం అమ్మకాలతో భాగించి చూడండి. వరసగా మూడు త్రైమాసికాలు 1 కన్నా తక్కువ వస్తే ముందున్నది దిగుడే. (డిక్సన్‌కి ఈ కొలత వాడకండి. అక్కడ ఉండేవి నెలనెలా మారే అంచనాలు, పక్కా ఆర్డర్లు కావు.)

అవలాన్: చెన్నైతో పాటు అమెరికాలోనూ ఫ్యాక్టరీలున్నాయి. అమెరికా కస్టమర్లు పాత నిల్వలు కరిగించుకునే పనిలో పడటంతో 2023-24లో అమ్మకాలు 945 కోట్ల నుంచి 867కి తగ్గాయి. 8% తగ్గుదలే, కానీ లాభం 52 కోట్ల నుంచి 28కి కుంగింది. జీతాలు, అద్దెలు ఆగవు మరి. మరుసటి ఏడాది అమ్మకాలు 1,098 కోట్లు, లాభం 63. ఈ షేరు కొనదగ్గ సమయం ఫలితాలు అందంగా ఉన్నప్పుడు కాదు, కస్టమర్ల నిల్వలు తగ్గుతున్నాయని వినబడి అమ్మకాలు ఇంకా పెరగనప్పుడు.

ఏసీల తయారీ కంపెనీలను ఇదే గాటన కట్టేవాళ్లున్నారు. అక్కడ వానాకాలం ముందొస్తే కథ మారిపోతుంది. 2025 వేసవి చప్పగా గడిచాక పీజీ ఎలక్ట్రోప్లాస్ట్ ఆగస్టులో తన అంచనాలు తగ్గించుకున్న రోజు షేరు 20% పైగా పడింది.

ధర సంగతి

ఇంత చదివి మంచి కంపెనీని పట్టుకున్నా, ధర దగ్గర మొత్తం పోగొట్టుకోవచ్చు. లెక్క చిన్నదే. పీఈ 100 దగ్గర కొన్నారు, లాభం ఏటా 30% చొప్పున ఐదేళ్లు ఆగకుండా పెరిగింది. లాభం 3.7 రెట్లయింది. అప్పటికి పెరుగుదల నెమ్మదించి మార్కెట్ పీఈ 30 ఇచ్చిందనుకోండి. మీ 100 రూపాయలు 111 అయ్యాయి, ఏడాదికి 2% చిల్లర. కంపెనీ ఒక్క తప్పూ చేయలేదు. పీఈ 30 కూడా అన్యాయమైన ఊహ కాదు. ఈ రంగంలో ప్రపంచంలోకెల్లా పెద్దదైన హాన్ హాయ్, అదే ఫాక్స్‌కాన్, 2024లో వంద రూపాయల అమ్మకం మీద సుమారు 2 రూపాయల 20 పైసలు మిగుల్చుకుంది. ఆ షేరు ఏళ్ల తరబడి 10 దరిదాపు పీఈలోనే బతికింది.

కాబట్టి లెక్క వెనక నుంచి మొదలుపెట్టండి. ఐదేళ్ల తర్వాత పీఈ 30 అనుకుని, మీకు ఏటా 15% రావాలంటే ఈరోజు ఎంత పీఈ ఇవ్వొచ్చో తేల్చండి. 30% పెరుగుదలకి 55 వస్తుంది, 20% పెరుగుదలకి 37. అంతకన్నా ఎక్కువ ఇస్తున్నారంటే, ఈ లెక్కలో పెట్టుకున్నదానికన్నా గొప్పగా జరుగుతుందని మీరు అనుకుంటున్నారన్నమాట. ఎందుకు అనుకుంటున్నారో రెండు వాక్యాల్లో రాసుకుని, ఏడాది తర్వాత తీసి చూసుకోండి.

ఇప్పుడు కథ విడిభాగాల వైపు తిరిగింది. 2025 మార్చిలో కేంద్రం 22,919 కోట్ల విడిభాగాల పథకం ప్రకటించాక, సిర్మా తిరుపతి జిల్లా నాయుడుపేటలో 1,595 కోట్లతో పీసీబీ (భాగాలు అతికించక ముందు ఖాళీ సర్క్యూట్ బోర్డు) ప్లాంటుకి సిద్ధమైంది. ఇక్కడ పాత కొలమానాలు పనిచేయవు. బోర్డు మీద భాగాలు అతికించే పనికి లైను కొని, మనుషుల్ని పెట్టుకుని కొన్ని నెలల్లో మొదలెట్టొచ్చు. ఖాళీ బోర్డు తయారీ దాదాపు రసాయన పరిశ్రమ: రాగి పూత తొట్లు, ఆమ్లాలు, శుద్ధిచేసిన నీరు, వ్యర్థజలాల శుద్ధి. పొరలు పెరిగే కొద్దీ వందలో ఎన్ని బాగా వస్తాయన్నదే లాభనష్టాలు తేలుస్తుంది. పది పొరల్లో ఒక్కటి పక్కకి జరిగినా బోర్డు మొత్తం చెత్తబుట్టకే. ప్లాంటు ప్రారంభోత్సవం అయ్యాక కూడా కస్టమర్లు నమూనాలు పరీక్షించి, ఆడిట్ చేసి, చిన్న ఆర్డరు ఇచ్చి చూసుకున్నాకే అసలు ఆర్డర్లిస్తారు. ఆ వ్యవధి అంతా తరుగుదల, వడ్డీ మాత్రం మొదటి రోజు నుంచే లాభనష్టాల పట్టికలోకి వస్తాయి.